తెర మొండికేస్తే ఫోన్ని ఆపేదెలా?

"టచ్ పనిచెయ్యట్లేదురా, ఫోన్ ఆఫ్ చెయ్యడం ఎలా?" ఇంట్లో ఒకడు ఇంజనీరింగ్ చదివాడంటే ఈ ప్రశ్న వాడికి తప్పదు. ప్రింటరూ, టీవీ రిమోటూ, బ్యాంకు యాపూ అన్నీ వాడి సబ్జెక్టే అని మనవాళ్ళ గట్టి నమ్మకం :) ప్రశ్న చిన్నదే, జవాబూ చిన్నదే కాబట్టి ముందు అది చెప్పేస్తాను. కానీ ఆ జవాబు అలా ఎందుకు ఉందో తెలియాలంటే ఒక నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. బెజవాడ బ్యారేజీ దగ్గర కూడా కాసేపు ఆగాలి. ఫోనుకీ బ్యారేజీకీ సంబంధం ఏమిటంటారా? ఉంది, వస్తున్నా.

ఐఫోన్ 8, ఆ తర్వాత వచ్చిన ఐఫోన్లు: వాల్యూమ్ పెంచే మీట ఒకసారి నొక్కి వదలండి, తగ్గించే మీట ఒకసారి నొక్కి వదలండి, వెంటనే పక్కనున్న మీటని యాపిల్ గుర్తు కనపడేదాకా నొక్కి పట్టుకోండి. (మధ్యలో ఆఫ్ చెయ్యడానికి జరపమంటూ ఒక పట్టీ కనిపిస్తుంది, దాన్ని చూసి చెయ్యి తియ్యకండి.) శాంసంగ్: వాల్యూమ్ తగ్గించే మీట, పక్క మీట రెండూ కలిపి 7 సెకన్లకి పైగా. గూగుల్ పిక్సెల్: పవర్ మీట ఒక్కటే, సుమారు 30 సెకన్లు. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానికి లొంగుతాయి. కావలసింది కాస్త ఓపిక, చాలామంది అయిదారు సెకన్లకే చెయ్యి తీసేస్తారు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పైన చెప్పినవన్నీ ఫోన్ని రీస్టార్టు చేస్తాయి, ఆఫ్ చెయ్యవు. సాఫ్టువేరు ఎక్కడో ఇరుక్కుపోయి తెర బిగుసుకుపోతే రీస్టార్టు చాలు. కానీ అద్దం పగిలో, నీళ్ళు పోయో టచ్ భాగమే పాడైతే? ఫోను మళ్ళీ లేస్తుంది, తెర మళ్ళీ మొండికేస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దీనికి ఇంకో దారి ఉంది. రికవరీ మెనూ అని ఒకటి, ఫోను లేచేటప్పుడు కొన్ని మీటలు పట్టుకుంటే వస్తుంది (ఏ మీటలన్నది కంపెనీని బట్టి మారుతుంది). అందులో టచ్ అక్కర్లేదు, వాల్యూమ్ మీటలతో కిందికీ పైకీ వెళ్ళి, పవర్ మీటతో ఎంచుకోవడమే. పవర్ ఆఫ్ అనే వరస అక్కడే ఉంటుంది. జాగ్రత్త, ఉన్న డేటా మొత్తం తుడిచేసే వరస కూడా ఆ మెనూలోనే ఉంటుంది! ఓటీజీ తంతి ఉన్నవాళ్ళు మామూలు మౌస్ తగిలించి, తెర మీద బాణం గుర్తుతో కూడా ఆఫ్ చెయ్యొచ్చు, తెర కనిపిస్తూ ఉంటే.

ఒక యంత్రాన్ని ఆపడానికి ఇన్ని తంటాలేమిటి అనిపించట్లేదూ? ఫ్యానుకి స్విచ్చుంది, గ్యాసు సిలిండరుకి రెగ్యులేటరుంది. జేబులో ఉన్న దానికి మాత్రం విన్యాసాలు చెయ్యాలి. అసలు "ఆపడం" ఇంత కష్టం ఎప్పుడైంది?

మొదట్లో కష్టం కాదు. 1980ల నాటి పీసీలో పవర్ స్విచ్ అంటే నిజంగా స్విచ్చే. టకామని నొక్కితే కరెంటు తెగిపోయేది. లోపల ఏ ప్రోగ్రాము ఏం చేస్తోందన్నది స్విచ్చుకి అనవసరం. అయితే ఆపి మళ్ళీ పెట్టాలంటే టైము పట్టేది. అందుకని ఐబీఎంలో డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు 1981లో వచ్చిన పీసీ కోసం ఒక అడ్డదారి పెట్టాడు: కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ ఒకేసారి. మొదట డిలీట్ బదులు ఎస్కేప్ అనుకున్నాడట. అవి మూడూ ఎడమచేతి వైపే ఉండటంతో పొరపాటున తగిలే ప్రమాదం ఉందని, కావాలంటే తప్ప తగలనంత దూరంలో ఉన్న డిలీట్‌ని ఎంచుకున్నాడు. తన టీములో వాళ్ళు వాడుకోవడానికి పెట్టింది, చివరికి ప్రపంచమంతా వాడింది.

కానీ ఈ మూడు మీటలకీ ఒక బలహీనత ఉంది. అవి కీబోర్డు ద్వారా వెళ్ళాలి, వాటిని ప్రాసెసరు వినాలి. కంప్యూటరు మరీ గట్టిగా బిగుసుకుపోయి కీబోర్డునే పట్టించుకోకపోతే, మూడు కాదు ముప్ఫై మీటలు నొక్కినా ప్రయోజనం లేదు. అందుకే ఆ కాలపు పీసీ డబ్బాల ముందు రీసెట్ అని విడిగా ఒక చిన్న మీట ఉండేది. దాని తీగ తిన్నగా మదర్‌బోర్డు రీసెట్ లైనుకి పోతుంది. ప్రోగ్రాముల అనుమతి దానికి అక్కర్లేదు.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అప్పటినుంచి పవర్ మీట కరెంటుని తెంచడం మానేసి "ఆపండి" అని విన్నపం పంపడం మొదలెట్టింది. విండోస్ ఆ విన్నపం అందుకుని, ఫైళ్ళన్నీ సర్దుకుని, తనే ఆగుతుంది. మంచి ఏర్పాటే. మరి విండోస్ వినకపోతే? దానికీ ఆలోచించారు. మీటని 4 సెకన్లు అలాగే పట్టుకుంటే హార్డువేరే కరెంటు ఆపేస్తుంది. ఈ రోజుకీ మీ ల్యాప్‌టాప్ పవర్ మీట అలాగే పనిచేస్తుంది. ఫోన్లకి వచ్చింది ఈ పద్ధతే. ఫోనులో ప్రధాన ప్రాసెసరు కాకుండా, కరెంటు పంపిణీ చూసుకునే చిప్పు ఒకటి విడిగా ఉంటుంది. పవర్ మీట తీగ దానికి వెళుతుంది. మీరు మీట పట్టుకున్నంతసేపూ అది సెకన్లు లెక్కపెడుతూ ఉంటుంది. లెక్క నిండగానే అటు ఆండ్రాయిడ్ బతికుందా చచ్చిందా అని అడగదు, కరెంటు తీసి మళ్ళీ ఇస్తుంది. ఆ 7 సెకన్లూ 30 సెకన్లూ ఇక్కడినుంచి వచ్చినవే.

ఇది లేకపోతే ఏమవుతుందో 1994లో అమెరికా వాళ్ళకి తెలిసొచ్చింది. చంద్రుడి దగ్గర పని పూర్తిచేసుకుని ఒక గ్రహశకలం వైపు వెళ్ళాల్సిన క్లెమెంటైన్ అనే అంతరిక్షనౌకలో, మే 7న కంప్యూటరు మొండికేసింది. థ్రస్టర్లు మండుతూనే ఉన్నాయి. భూమ్మీద నుంచి ఆదేశాలు పంపినా, ఆ కంప్యూటరు వెంటనే వినే స్థితిలో లేదు. తేరుకునే లోపు ఇంధనం అయిపోయింది, నౌక గిర్రున తిరిగిపోతోంది, గ్రహశకలం ప్రయాణం రద్దయింది.

ఫోన్లలో ఇంకో బ్రహ్మాస్త్రం ఉండేది: బ్యాటరీ. నోకియా రోజుల్లో వెనక మూత తీసి, బ్యాటరీ ఊడబీకి, గుడ్డతో ఒకసారి తుడిచి మళ్ళీ పెట్టడం అందరికీ వచ్చు. గవర్నరుపేట సెల్లు షాపులో ఏ ఫోన్ ఇచ్చినా కుర్రాడు ముందు చేసే పని అదే. చదువుతో, భాషతో పనిలేదు. 2007 జూన్ 29న అమ్మకానికొచ్చిన మొదటి ఐఫోనులో బ్యాటరీ ఊడదు. మీటలు కూడా నాలుగైదుకి తగ్గిపోయి, మిగతాదంతా తెరే అయిపోయింది. శాంసంగ్ 2014లో తెచ్చిన గెలాక్సీ ఎస్5 వరకూ ఆ వరుసలో బ్యాటరీ ఊడేది, 2015లో ఎస్6 నుంచి అదీ పోయింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 2016లో ఐఫోన్ 7 వచ్చింది. అప్పటిదాకా ఐఫోన్ బిగుసుకుపోతే హోమ్ మీట, పవర్ మీట కలిపి పట్టుకునేవాళ్ళు. ఐఫోన్ 7లో హోమ్ మీట మీటే కాదు! కదలదు, తాకితే గ్రహించి కదిలినట్టు అనిపింపజేస్తుందంతే. సాఫ్టువేరు బిగుసుకుంటే అదీ బిగుసుకుంటుంది కాబట్టి, ఆ పనిని నిజంగా కదిలే వాల్యూమ్ మీటకి అప్పగించారు. 2017లో ఐఫోన్ 8, ఐఫోన్ 10 వచ్చేసరికి మళ్ళీ మార్చి, పైన చెప్పిన మూడంచెల పద్ధతి పెట్టారు. ఐఫోన్ 10లో పక్క మీట పట్టుకుంటే సిరి పలకడం మొదలైంది. 2019లో శాంసంగ్ నోట్ 10లో పక్క మీట పట్టుకుంటే బిక్స్‌బీ పలికింది. 2021లో ఆండ్రాయిడ్ 12తో పిక్సెల్ ఫోన్లలో పవర్ మీట పట్టుకుంటే అసిస్టెంట్ పలికింది. అంటే "ఆగు" అని చెప్పే మీట కాస్తా "ఏం కావాలండీ?" అని అడిగే మీట అయింది. మామూలుగా ఫోన్ ఆపాలంటే రెండు మీటలు కలిపి నొక్కి, ఆపైన తెర మీద వేలితో ఒప్పుకోవాలి. తెర పనిచెయ్యకపోతేనే కదా స్వామీ ఆపాలనుకుంటున్నది!

సరే, బ్యారేజీ దగ్గరికి వద్దాం.

కృష్ణ మీద బెజవాడ దగ్గర మొదటి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది చార్లెస్ ఓర్. అటు సీతానగరం కొండకీ ఇటు ఇంద్రకీలాద్రికీ మధ్య రాతికట్ట. ప్రధానమైన కట్టకి ఆన్ లేదు, ఆఫ్ లేదు. వరదొస్తే నీళ్ళు పైనుంచి పొర్లిపోతాయి. దాదాపు వందేళ్ళు డెల్టాని సాకిన ఆ కట్టకి 1952లో గండి పడింది. దాని స్థానంలో 1954లో మొదలుపెట్టి 1957 డిసెంబరుకల్లా పూర్తిచేసిందే ప్రకాశం బ్యారేజీ. 70 గేట్లు. రాతికట్ట పోయి "ఇంటర్‌ఫేసు" వచ్చిందన్నమాట. గేట్లు ఉంటే నీటి మీద అదుపు పెరుగుతుంది. దాంతోపాటే, గేటు మాట వినకపోతే ఏం చెయ్యాలన్న కొత్త ప్రశ్న కూడా వస్తుంది.

ఈ ప్రశ్నకి డ్యాములు కట్టేవాళ్ళ జవాబు స్టాప్‌లాగ్. గేటుకి ఎగువన, రెండు స్తంభాల్లోనూ నిలువుగా గాడి ఒకటి వదిలేస్తారు. మామూలు రోజుల్లో అది ఖాళీగా ఉంటుంది. గేటు పాడైతే క్రేనుతో ఇనుప పలకల్ని ఒకదాని మీద ఒకటి ఆ గాడిలోకి దించుతారు. ఆ గాడికీ గేటుకీ సంబంధం లేదు, గేటు గొలుసులతో, మోటార్లతో పనిలేదు. మన ఫోను పక్కనున్న పవర్ మీట లాంటిది.

2021 ఆగస్టు 5 తెల్లవారుజామున బెజవాడకి ఎగువనున్న పులిచింతలలో 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. దిగువన బ్యారేజీ గేట్లు ఎత్తి వచ్చిన నీటిని వచ్చినట్టు సముద్రంలోకి వదిలారు. పులిచింతలలో స్టాప్‌లాగ్ ఏర్పాటు ఉంది కాబట్టి, జలాశయంలో మట్టం తగ్గించి, నీటి ఒత్తిడి తగ్గాక పలకలు దించారు. నీళ్ళు చాలా పోయాయి, నిజమే. బలవంతంగా రీస్టార్టు చేస్తే సేవ్ చెయ్యని ఫైలు పోయినట్టే. కానీ గండం గడిచింది.

2024 ఆగస్టు 10 రాత్రి ఇదే కృష్ణ ఉపనది తుంగభద్ర మీద, హోస్పేట డ్యాములో 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అది 1950ల నాటి డ్యాము, స్టాప్‌లాగ్ సిద్ధంగా లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చి, అప్పటికప్పుడు పలకలు తయారు చేయించి, పారుతున్న నీళ్ళలోనే దింపించారు. ఆగస్టు 17కల్లా నీళ్ళు ఆగాయి. వారం రోజుల పాటు రాయలసీమ, కర్ణాటక, తెలంగాణ రైతులు ఆ ఒక్క గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. (అక్కడ ఊపిరి తీసుకునేలోపే సెప్టెంబరులో మన బ్యారేజీకి పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లు విరిగితే, ఇక్కడికీ ఆయనే రావాల్సి వచ్చింది.)

ఆ సెప్టెంబరు సంగతే అసలు చెప్పుకోవాల్సింది. బుడమేరు బెజవాడ మీద పడకుండా, వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కణ్ణుంచి ఒక మళ్ళింపు కాలువ తవ్వి, ఆ నీటిని బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఎప్పుడో చేశారు. మామూలు వానలకి చక్కటి ఏర్పాటు. 2024 ఆగస్టు 31న కుంభవృష్టి కురిసింది. బుడమేరు పొంగింది. అదే సమయంలో కృష్ణా పొంగింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక ఎన్నడూ లేనంత. కృష్ణే నిండుగా ఉంటే మళ్ళింపు కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయి? వెనక్కి ఎగదన్నాయి, కాలువ గట్టుకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, రాజరాజేశ్వరీపేట... మునిగాయి. సైన్యం కూడా వచ్చి చెయ్యి వేస్తే సెప్టెంబరు 7కి గండ్లు పూడ్చగలిగారు.

కట్ట ఎత్తు చాలలేదు, వాగు ఆక్రమణలకి గురైంది, ఇలా కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, వాటి మీద మాట్లాడాల్సినవాళ్ళు మాట్లాడారు. నా కంటికి ఆనింది మాత్రం ఒకటే. ప్రత్యామ్నాయం అనుకున్న దారి కూడా చివరికి వెళ్ళి కలిసేది అదే నదిలో. ఒకటి పొంగినప్పుడు రెండోది పొంగకపోతేనే ఆ దారి పనికొస్తుంది. తెర మొండికేసినప్పుడు ఫోన్ని ఆపడానికి పట్టీని తెర మీదే జరపమనడం కూడా ఇలాంటి ఏర్పాటే.

ఆ వారం సింగ్‌నగర్ మేడల మీద ఉన్నవాళ్ళకి ఫోనంటే ఏమిటో ఆలోచించండి. కింద నీళ్ళు, కరెంటు లేదు, తిండి పొట్లాలు డ్రోన్ల మీద వస్తున్నాయి. పడవ వాళ్ళని పిలవాలన్నా, ఊళ్ళో అమ్మానాన్నలకి బతికే ఉన్నామని చెప్పాలన్నా అదొక్కటే దిక్కు. చార్జింగు ఎంతుంటే అంతే. అలాంటప్పుడు ఫోన్ని ఆపి దాచుకోవడం, గంటకోసారి పెట్టి చూసుకోవడం చాలా విలువైన విద్య. సరిగ్గా అప్పుడే తెర మోసం చేస్తుంది. మనం వాడే తెరలు వేలు తగిలినప్పుడు విద్యుత్తులో వచ్చే చిన్న మార్పుని పసిగట్టి పనిచేస్తాయి, దానికి నీటిచుక్కకీ వేలికీ తేడా సరిగ్గా తెలియదు. తడిస్తే వేలు పెట్టినా పలకదు, లేదా వేలు పెట్టకుండానే తనంతట తను ఏవేవో నొక్కేసుకుంటుంది. నీళ్ళలో పడ్డ ఫోన్ని వెంటనే ఆపెయ్యాలి, లోపల కరెంటు ప్రవహిస్తూ ఉంటే తడి తగిలిన భాగాలు త్వరగా చిలుముపట్టి పాడవుతాయి. మొదట చెయ్యాల్సిన పని ఆపడం, దానికి దారేమో తడిసిన తెర!

సాఫ్టువేరు రాసేవాడిగా నాకు కంపెనీల బాధ తెలుసు. ఉన్నవి మూడు మీటలు, పనులేమో ముప్ఫై. పవర్ మీటని రోజుకి వందసార్లు నొక్కుతాం, ఫోన్ని పూర్తిగా ఆపేది నెలకోసారి. ఎక్కువ వాడే పనికి సులువైన దారి ఇవ్వాలని మాకు నేర్పిస్తారు. మామూలు పనుల వరకూ ఆ సూత్రం సరైనదే. కానీ ఆపద కోసం పెట్టిన దాన్ని ఎన్నిసార్లు వాడారన్న లెక్కతో కొలవకూడదు. ఆ లెక్కన పులిచింతలలో ఖాళీగా ఉన్న గాడి శుద్ధ దండగ.

రైల్లో గొలుసు చూడండి. బెజవాడ జంక్షన్ మీదుగా వెళ్ళే బళ్ళలో చాలావాటిలో, ఏ పెట్టెలో ఉన్నా ఎర్రగా కనిపిస్తుంది. లాగితే బ్రేకు పైపులో ఒత్తిడి పడిపోతుంది, బ్రేకులు పడటం మొదలవుతుంది. డ్రైవరుకి మన కబురు అందేదాకా ఆగక్కర్లేదు. పైపు తెగినా, పెట్టె ఊడినా బ్రేకులే పడతాయి, అలా ఉండాలనే 1872లో వెస్టింగ్‌హౌస్ ఆ బ్రేకుని కనిపెట్టాడు. పైగా గొలుసున్న బళ్ళన్నిటిలోనూ ఒకటే పద్ధతి. చదువురాని ముసలమ్మకి కూడా గొలుసు లాగితే బండి ఆగుతుందని తెలుసు. ఫోన్లలో హార్డువేరు దారి ఇప్పటికీ ఉంది, అది పూర్తిగా మూసెయ్యనందుకు సంతోషమే. కానీ ఒక్కో కంపెనీకి ఒక్కో మంత్రం, ఆ మంత్రం కూడా నాలుగైదేళ్ళకోసారి మారిపోతుంది. చార్జరు పిన్ను అన్ని ఫోన్లకీ ఒకటే ఉండాలని యూరప్‌లో చట్టం చేశారు, 2024 చివరినుంచి అమల్లోకి వచ్చింది కూడా. చార్జింగు పెట్టడానికి అంత పట్టుదల పట్టినప్పుడు, ఆపడానికి కూడా అన్ని ఫోన్లకీ ఒకే పద్ధతి ఉండాలని అడగడం అత్యాశేం కాదనుకుంటా. ఏ ఫోనైనా సరే, పవర్ మీట ఒక్కదాన్నే ఫలానా ఇన్ని సెకన్లు పట్టుకుంటే ఆగిపోవాలి. మళ్ళీ లేవకూడదు, నిజంగా ఆగాలి.

అది వచ్చేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. మీ ఫోనుకి ఏ మీటలు, ఎన్ని సెకన్లు అన్నది తెర బాగున్నప్పుడే ఒకసారి చేసి చూసుకోండి. ఇంట్లో అమ్మ ఫోనుకి, నాన్న ఫోనుకి కూడా వాళ్ళ చేతే చేయించండి, మీరు చేసి చూపిస్తే గుర్తుండదు. ఆ రెండు ముక్కలూ ఒక చీటీ మీద రాసి కవరు వెనక పెట్టండి. ఫోనులో నోటు రాసుకుంటే మాత్రం లాభం లేదు, ఎందుకో మీకు తెలుసు :)